వెనక సీటు పిన్ని

ఈ కారుకి వెనక తలుపు గట్టిగా వెయ్యనక్కర్లేదు. దగ్గరికి తోస్తే చాలు, మిగిలిన వేలెడు దూరాన్ని దానంతటదే లాక్కుని చప్పుడు లేకుండా మూసుకుంటుంది. పోయిన వారం విశాఖ షోరూమ్‌లో మేనేజరుగారు నాకు అది చూపించడానికి ఆ తలుపు తీసి వేసి, తీసి వేసి అలిసిపోయారు. టాప్ మోడల్లో మాత్రమే ఇస్తున్నామండీ అన్నారు. తర్వాత కారు లోపలికి తొంగి చూసి, వెనక సీటు గురించి చెప్పడానికి మీ పిన్నిగారు రాలేదా అని అడిగారు. వాళ్లింట్లో ఆడవాళ్లంతా నా వీడియోలు చూసేది ఆవిడ మాటల కోసమేనట. ఆవిడ పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊళ్లో లేదండీ అని తాళం పుచ్చుకుని బయటపడ్డాను.

నేను చోడవరంలో ఉంటూ కార్ల మీద వీడియోలు చేస్తాను. పెద్ద పేరున్నవాణ్ణేం కాదు. కోటి రూపాయల కారు కొనేవాడు నా వీడియో చూడడు, ఎప్పటికీ కొనలేనివాడు చూస్తాడు. బేస్ మోడల్లో ఏమిస్తున్నారు, మధ్య మోడల్లో ఏం కలుస్తుంది, టాప్ మోడల్‌కి అంత పెట్టొచ్చా, ఇంజన్ లాగుడెంత, బ్రేకు పట్టెంత, ఇదీ నా రోజువారీ పాట. కంపెనీ కాగితంలో ఉన్న ఇంగ్లీషుని గడగడా అప్పజెప్పి మధ్యలో నాలుగు తెలుగు క్రియలు వేసేవాణ్ణి. పిన్ని వచ్చి వెనక సీట్లో కూర్చునేదాకా నా మాటలు నాకే సరిగ్గా అర్థమయ్యేవి కావు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు ఆవిడా, చిన్నాన్నా. పిల్లల్లేరు. చిన్నాన్న కాస్త భూమిలో చెరకు వేసి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలేవాడు. ఆయన మాటలు తక్కువ మనిషి, ఆ లోటు పిన్ని తీర్చేసేది. వీధిలో కొత్తగా గోడకి రంగు వేసినా, ఎవరింట్లో పులుసు మాడినా ఆవిడ అభిప్రాయం చెప్పకుండా ఉండేది కాదు. అడగక్కర్లేదు. అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలన్నారు, అదీ బతికున్నంతకాలం.

మొదట్లో చిన్నాన్న బస్సులో తీసుకెళ్లేవాడు. చెరకు లారీలు తిరిగి తిరిగి నలిగిపోయిన రోడ్డు మాది. సబ్బవరం చేరేదాకా నడుం నిలవదు. వెళ్లేటప్పుడు ఎలాగో కూర్చునేది. వచ్చేటప్పుడు బీపీ పడిపోయి, ముందు సీటు కమ్మీకి తల ఆనించి, ప్రతి గతుక్కీ నుదురు కొట్టుకుంటూ వచ్చేది. కొన్నాళ్లకి మానేయడం మొదలుపెట్టింది. ఒకసారి కోత మనుషులకి వండాలంది, ఒకసారి ఎవరిదో పెళ్లిచూపులంది. ఒక్కటి మానిందంటే మొహం, కాళ్లు ఉబ్బిపోయి పడుకుంటే ఊపిరాడేది కాదు. ఇలా చేస్తే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశారు. చిన్నాన్న బతిమాలాడు, మా అమ్మ తిట్టింది, నేనూ చెప్పిచూశాను. "ఆ బస్సు నాను ఎక్కలేనర్రా. పోతే పోతాను" అంది పిన్ని, అదేదో మార్కెట్టుకి పోతానన్నట్టు.

ఆ వారం అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన కారు నా దగ్గర ఉంది. చెరకు తోటల మధ్య తన కారు ఎలా కనిపిస్తుందో చూసుకోవాలని ఆయన సరదా, ఊరికే కారు దొరికితే చాలని నా సరదా. ఆ కారు చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. పిన్ని దగ్గరికెళ్లి, నేను ముందు కూర్చుని నడుపుతాను కదా, వెనక సీటు సంగతి చెప్పే దిక్కులేక నా వీడియోలు దెబ్బతింటున్నాయని మొరపెట్టుకున్నాను. రేపు విశాఖ దాకా వెళ్లొస్తాను, వెనక కూర్చుని ఎలా ఉందో నీ నోటితో చెప్పమన్నాను. ఆస్పత్రి మాట ఎత్తలేదు. డయాలసిస్ రోజు కూడా రేపేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"నా మొకం పడతాదేటి అందులో?" అంది.

పడుతుందన్నాను. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని, తలదువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

ఆ మొదటి రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఇంకోలా అయిపోతుంది. తలుపు తీసి పట్టుకున్నాను. లోపల తెల్లటి తోలు సీట్లు, కింద మెత్తటి తివాచీ. పిన్ని చూసి, రెండు చేతులూ కళ్లకద్దుకుని, చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంది. మావాళ్లు కొత్త కారెక్కేటప్పుడు చెప్పులు విప్పడం మామూలే, చేత్తో పట్టుకునో ఓ మూల పెట్టుకునో ఎక్కుతారు. ఈవిడ మాత్రం గడప దగ్గర విడిచినట్టు వీధిలోనే విడిచేసింది. నేను చూసుకోలేదు. ఆస్పత్రి ముందు కారాపి తలుపు తీస్తే ఉత్తి కాళ్లతో దిగి, కిందకీ మీదకీ చూసుకుని, "సెప్పులు ఇంటికాడే ఉండిపోనాయిరా" అని పకపకా నవ్వింది. ఆ మెరిసే నేల మీద అలాగే నడిచి వెళ్లిపోయింది. ఇక్కడ చిన్నాన్న పొలం నుంచి వచ్చి వీధిలో ఆ చెప్పులు ఒంటరిగా ఉండటం చూసి కంగారుపడి, మా ఇంటికి పరుగెత్తి, మా అమ్మ నాకు ఫోన్ చేసి కనుక్కునేదాకా కూర్చోలేకపోయాడట. తర్వాత నుంచి ఆవిడ చెప్పులకి ఒక ప్లాస్టిక్ సంచి వెంట తెచ్చుకునేది. కాళ్లకి తొడుక్కుని కూర్చో పిన్నీ అని ఎన్నిసార్లు అన్నా వినలేదు.

ఆ వీడియోలో పిన్ని మాట్లాడింది కాసేపే. కానీ అప్పటిదాకా నేను చేసిన వాటన్నిటికన్నా అదే ఎక్కువమంది చూశారు. ఇక వదులుతానా? డాక్టర్లని, కాంట్రాక్టర్లని, షోరూముల వాళ్లని పట్టుకుని కార్లు అడగడం మొదలుపెట్టాను. డయాలసిస్ రోజులు చూసుకుని అడిగేవాణ్ణి. ఆ రోజు కుదరదు, ఆదివారం తీసుకోండి అంటే ఆదివారం నాకు వీలుపడదండీ అని అబద్ధం చెప్పేవాణ్ణి. కొత్త కారు దొరకనప్పుడు ఒకసారి వీడియో చేసిన కారునే మళ్లీ తెచ్చి, మొదటిసారి సరిగ్గా రాలేదు పిన్నీ అని బుకాయించేవాణ్ణి. మొత్తానికి ఆవిడ మానకుండా వెళ్తోంది. మొహం వాపు తగ్గింది. చిన్నాన్న నన్ను చూస్తే చేతిలో పని వదిలి లేచి నిలబడేవాడు, నాకు సిగ్గేసేది.

ఆయన మాత్రం ఎప్పుడూ మాతో రాలేదు. ఏసీ కారెక్కితే ఆయనకి వాంతి. బస్సులో కిటికీ పక్కన గాలికి కూర్చుంటే ఫరవాలేదు, మూసేసిన కారంటే భయం. ఎవరివో ఖరీదైన కార్లు, పాడుచేస్తే నీకు మాట వస్తుందని ఇంటి దగ్గరే ఉండిపోయేవాడు.

మోడళ్ల తేడా పిన్నికి చెప్పాలంటే నాకు ప్రాణం పోయేది. ఒకటే కారు కదా, మూడు రకాలేమిటని అడిగేది. బేస్‌లో ఇది ఉండదు, మధ్యదానిలో అది ఉంటుంది, టాప్‌లో సీటు వెనక్కి వాలుతుంది, చల్లగాలి వస్తుంది, నడుం కూడా నొక్కుతుంది అని నేను వల్లిస్తుంటే చెయ్యెత్తి ఆపి, కెమెరా వైపు తిరిగి తనే చెప్పేసింది. "ఒట్టి కూడు ఒకటి, కూడూ కూరా ఒకటి, పెళ్లి బోజనం ఒకటి. ఎవులికి ఆకలెంతో ఆళ్లు సూసుకోండి." అప్పటినుంచి జనం నన్ను బేస్ మోడల్ ఎలా ఉందని అడగడం మానేశారు. కూడూ కూరా మోడల్‌కి వెనక ఏసీ ఉందా అన్నా అని రాసేవారు.

కారు ఏదైనా ఆవిడ లెక్కలు ఆవిడవే. పైకప్పంతా అద్దం ఉండి ఆకాశం కనపడుతుందని నేను మురిసిపోతే, మన ఎండలకి పైన కప్పుంటే గదా బతికేది అని మొహం చిట్లించింది. ఎత్తు తక్కువ కారులోంచి దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, గోతిలోంచి తీస్తున్నావేంట్రా అనేది. ఒకసారి హైవే మీద ఖాళీగా ఉందని స్పోర్ట్ మోడ్‌లో పెట్టి ఒక్క తొక్కు తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంజన్ శక్తి గురించి నేను గొప్పగా చెప్పబోతుంటే వెనకనుంచి నింపాదిగా, "ఎనకాల ఎవులైనా తరుముతన్నారేట్రా?" అని వినిపించింది. ఆ ముక్క జనం ఎంత పంచుకున్నారో చెప్పలేను.

బెల్లం వ్యాపారి ఒకసారి తన కారు గురించి ఏం చెప్తుందో వినాలని మాతో పాటు వచ్చి ముందు కూర్చున్నాడు. ఈసారి కారు మారింది, పెళ్లి భోజనం తెచ్చాడు. వెనక సీట్లకి కంపెనీ వేసిన ప్లాస్టిక్ తొడుగు మాత్రం తియ్యలేదు, మరకలవుతాయని. చల్లగాలి సీటు ఆన్ చేసి ఎలా ఉందమ్మా అన్నాడు. కవరుకి బాగానే ఉన్నట్టుంది, నాకింకా రాలేదు బాబూ అంది పిన్ని. ఆయన కూడా నవ్వేశాడు. మాటల్లో, వాళ్లమ్మగారు ఇంకా ఈ కారు ఎక్కలేదని తెలిసింది. ఆ మాటకి పిన్ని నవ్వు ఆగిపోయింది. ఆవిడకన్నా ముందు తను ఎక్కేసినందుకు దారంతా నొచ్చుకుంటూనే ఉంది, దిగాక కూడా ఆయన చేతులు పట్టుకుని ఆవిణ్ణి ఒకసారి తిప్పమని చెప్పింది.

ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైంది, రెండు వెనక సీట్ల మధ్యా చిన్న ఫ్రిజ్ ఉండే కారు. డయాలసిస్ వాళ్లకి నీళ్లు కొలిచి ఇస్తారు. రోజుకి కాసిని గుక్కలు, అంతే. ఎండల్లో ఆవిడ దాహం చూడలేకపోయేవాళ్లం. ఆ ఫ్రిజ్‌లో చల్లటి సీసాలు పెట్టి ఉన్నాయని చెప్తే మూత తీసింది. ఒక సీసా బయటకి తీసి రెండు చేతుల మధ్యా పట్టుకుంది, చెంపకి ఆనించుకుంది, తర్వాత మెడకి. మూత తియ్యలేదు. సబ్బవరం దాకా అలాగే పట్టుకుని కూర్చుని, మళ్లీ జాగ్రత్తగా లోపల పెట్టేసింది. కెమెరా నడుస్తూనే ఉంది. ఫ్రిజ్ ఎలా ఉంది పిన్నీ అంటే, "సల్లగుందిరా బాబూ, కడుపు నిండినట్టుంది" అంది. వీడియో కింద ఎవరో, అమ్మగారు చల్లటి మనిషి అని రాశారు. నేను ఆ వీడియో మళ్లీ ఇప్పటిదాకా చూడలేదు.

చూసేవాళ్లెవరికీ ఆవిడ రోగం సంగతి తెలీదు. తిరిగొచ్చేటప్పుడు చేతికి కట్టు ఉండేది, కొంగు దాని మీదకి లాక్కుని కూర్చునేది. కార్లు చూసుకుందామని వచ్చినవాళ్లకి నా జబ్బెందుకు చూపించడం అని నన్ను గట్టిగా హెచ్చరించింది. వచ్చేటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఒకటే మాట. గతుకులు తెలుస్తున్నాయా పిన్నీ అని అడిగితే, "లేదురా, ఉయ్యాల్లో ఉన్నట్టుంది" అనేది. ఏ కారైనా అంతే, ఏ మోడల్ అయినా అంతే. మిగతా అన్నిటికీ వంకలు పెట్టే మనిషి ఆ ఒక్క విషయంలో అన్ని కార్లకీ నూటికి నూరూ వేసేది. నేను దాన్ని పట్టించుకోలేదు. సుఖంగా ఉందంటోంది కదా, నా కష్టం ఫలించిందనుకున్నాను.

పోయిన వానాకాలంలో, తెల్లవారుతుండగా, మర్నాటి ప్రయాణానికి తెచ్చిన కారుని మా ఇంటి ముందు కడుగుతున్నాను. చిన్నాన్న ఫోన్ చేశాడు. "బాబూ, కారు ఒద్దురా ఇంక" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఎందుకు చిన్నాన్నా అని కూడా అడిగాను. నిద్రలోనే పోయింది పిన్ని. నేను తడి చేతులతోనే పరుగెత్తాను.

తర్వాత కొన్ని వీడియోలు చేశాను. బాగా రాలేదు. వెనక సీటు గురించి కాగితంలో ఉన్నది చదివి దులిపేసుకున్నాను. అమ్మగారేరి, అమ్మగారేరి అని అడుగుతున్నవాళ్లకి జవాబివ్వలేదు.

ఈ కారుని షోరూమ్ నుంచి తెచ్చిన మర్నాడు చిన్నాన్న తనంతట తనే మా ఇంటికొచ్చాడు. పిన్ని పోయాక మనిషి బాగా తగ్గిపోయాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చూపుడు వేలితో తలుపు మీద రాసి చూసుకున్నాడు. పిన్ని వెళ్లిన దారిన తనని ఒకసారి తిప్పమన్నాడు. వెనకే కూర్చుంటానన్నాడు. వాంతి వస్తుందేమో చిన్నాన్నా అంటే జేబులోంచి నిమ్మకాయ తీసి చూపించాడు.

కిటికీలు దించి బయల్దేరాను. సందు మలుపులు, బజారు దాటేదాకా ఆయన నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని ఉన్నాడు. వెంకన్నపాలెం వైపు వెళ్లాక గతుకులు మొదలయ్యాయి. ఈ కారుకి కిందంతా గాలి సంచుల సస్పెన్షన్, వీళ్ల గొప్పంతా అదే. నేను కంఫర్ట్ మోడ్‌లో పెట్టి, ఎంత నెమ్మదిగా పోనివ్వొచ్చో అంత నెమ్మదిగా పోనిస్తున్నాను. స్టీరింగ్ దగ్గర నాకు దాదాపు ఏమీ తెలియడం లేదు. అలవాటు కొద్దీ, కుదుపు తెలుస్తోందా చిన్నాన్నా అని అడిగాను.

"తెలుస్తంది. ఎందుకు తెల్దు?" అన్నాడు.

పిన్ని తెలియడం లేదనేది కదా అన్నాను. ఆయన నిమ్మకాయ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చాడు. ఉయ్యాల మాటలన్నీ కారు దిగేదాకానేనట. నేను కనుమరుగవగానే గోడ పట్టుకుని లోపలికి వెళ్లి చాప మీద వాలిపోయేదట. బస్సు మీద కారు నయమే గానీ, రక్తం తోడి ఎక్కించిన ఒంటికి ఎంత మెత్తటి సీటైనా సరిపోయేది కాదట. ఎముకలు విడిపోతున్నాయని మూలుగుతూ రాత్రంతా ఆయన చేత నడుం పట్టించుకునేదట. ఇంక చాలు, ఈసారితో మానేస్తానని ప్రతి ప్రయాణానికీ ముందు అనేదట.

మరెందుకు వచ్చేదని అడిగాను.

"నీ గురించేరా. ఆడు ఎవులెవుల్నో దేబిరించుకోని కారు తెచ్చుకున్నాడు, నాను కూకోకపోతే ఆడి ఇడియో ఏటవుతాది, గుంటడి బతుకుతెరువు పాడైపోతాది అని లెగిసి సీర కట్టుకునేది. నేకపోతే మొదటేడే మానేసును."

కారు పక్కకి తీసి ఆపాను. వెనక్కి తిరిగి ఆయన మొహం చూడలేక ముందు అద్దంలోకే చూస్తూ చెప్పాను. నాకు వెనక సీటులో మనిషి అవసరం ఎప్పుడూ లేదు చిన్నాన్నా, ఆవిణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్లడానికే ఆ కార్లన్నీ అడుక్కొచ్చాను, వీడియోలు దానికో వంక అన్నాను. సగంలోనే ఏడుపొచ్చేసింది. నా కోసం అంత నొప్పి ఓర్చుకుంటూ ఉయ్యాల్లో ఉన్నట్టుందని నవ్విందంటే నేను తట్టుకోలేకపోయాను.

చెరకు ట్రాక్టరొకటి మమ్మల్ని దాటి వెళ్లింది. చిన్నాన్న ముందుకి వంగి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఈ మాట ఆవిడితో ఎప్పుడైనా అన్నావేటి?" అని అడిగాడు.

లేదన్నాను.

"మంచిపని సేసేవు" అన్నాడు. "తెలిస్తే ఆవిడ ఆ రోజే మానేసును. నాను అప్పుడే ఒంటిగోణ్ణయిపోదును."